నిజజీవితం, సినిమా కథ: ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు?

‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రం 2022లో విడుదలైన తర్వాత విద్యార్థులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడిగారు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం నిజంగానే స్నేహితులా? కాదు. వారిద్దరూ కలుసుకున్నట్లు చరిత్రలో ఆధారం లేదు. సీతారామరాజు మన్యంలో బ్రిటిష్ ప్రభుత్వంతో పోరాడి 1924లో కొయ్యూరు వద్ద ప్రాణాలు వదిలారు. భీం నిజాం ప్రభుత్వంతో పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగారు. ఆ చిత్రం తాను కల్పిత కథనని మొదట్లోనే ప్రకటించుకుంది. కాబట్టి దానిని అబద్ధమని అనలేం. ‘మాయాబజార్’ చూసి, శశిరేఖ వ్యాస భారతంలో ఎక్కడుందని మనం పేచీ పెట్టుకోలేదు కదా!

చిక్కు వచ్చేది మరో రకం చిత్రాలతో. ఒక వ్యక్తి అసలు పేరు, ఊరు, చదివిన విశ్వవిద్యాలయం, పొందిన బహుమతి అన్నీ ఉన్నవి ఉన్నట్లు చూపిస్తూ, మధ్యలో కొన్ని కల్పనలు కలిపే చిత్రాలివి. ప్రేక్షకుడు ఏది నిజమో ఏది కల్పనో విడదీయలేడు. చూసినదంతా నిజమే అనుకొని ఇంటికి వెళతాడు. అటువంటి చిత్రాలు వాస్తవానికి ఎంతవరకు కట్టుబడి ఉండాలి? ఈ పాఠంలో దీనిని శాస్త్రవేత్తల జీవితాలపై వచ్చిన చిత్రాల ఆధారంగా పరిశీలిద్దాం. శాస్త్రవేత్తలనే ఎందుకు ఎంచుకున్నానంటే, అక్కడ మనిషితో పాటు ఆయన కనుగొన్న విషయం కూడా తెర మీదికి వస్తుంది. ఆ విషయం తప్పో ఒప్పో మనం కాగితం, కలం తీసుకొని సరిచూసుకోవచ్చు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మార్పు లేకుండా జీవిత చిత్రం తీయడం అసాధ్యం. అరవై ఏళ్ల జీవితాన్ని రెండున్నర గంటల్లో చెప్పాలి. పదిమంది సహోద్యోగులను ఇద్దరుగా కుదించాలి. ఎవరూ రాసిపెట్టుకోని సంభాషణలను ఊహించాలి. భౌతికశాస్త్రంలో మనం చేసే పని కూడా ఇటువంటిదే. లోలకం లెక్క చేసేటప్పుడు గాలి నిరోధాన్ని వదిలేస్తాం. దారానికి బరువు లేదనుకుంటాం. అయినా వచ్చిన జవాబు దాదాపు సరిగానే ఉంటుంది. అయితే బ్రేకు వేసిన బస్సు ఎంత దూరంలో ఆగుతుందనే లెక్కలో ఘర్షణను వదిలేస్తే? ఆ బస్సు ఎప్పటికీ ఆగదు! ఏ నమూనాలోనైనా కొంత వదిలేయక తప్పదు. కాని దేనిని వదిలితే జవాబే తారుమారవుతుందో దానిని వదలకూడదు. జీవిత చిత్రాలకు కూడా నేను ఇదే కొలత వాడతాను. మార్పులు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టను. ఆ మార్పు వల్ల ‘ఎవరు చేశారు, ఎందుకు జరిగింది, అసలు కనుగొన్నది ఏమిటి’ అనే ప్రశ్నలకు జవాబు మారిందా అని చూస్తాను.

జాన్ నాష్: పుస్తకం, చిత్రం

జాన్ నాష్ 1928లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో జన్మించారు. 1950లో, ఇరవై రెండు సంవత్సరాలు కూడా నిండకముందే, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ముప్పై పుటలైనా లేని ఆ సిద్ధాంత వ్యాసం ఆయనకు 1994లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతిని తెచ్చిపెట్టింది. రైన్‌హార్డ్ సెల్టెన్, జాన్ హర్సాని ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నారు. ఈ రెండు సంవత్సరాల మధ్య ఉన్నది ఒక దీర్ఘమైన చీకటి. 1959 ప్రారంభంలో ఆయనకు స్కిజోఫ్రీనియా లక్షణాలు బయటపడ్డాయి. పత్రికల్లో తన కోసమే రహస్య సందేశాలు వస్తున్నాయని నమ్మారు. ఉద్యోగం వదులుకున్నారు. పదేపదే ఆసుపత్రుల పాలయ్యారు. సిల్వియా నాసర్ అనే రచయిత్రి ఎంతో పరిశోధించి 1998లో ఆయన జీవిత చరిత్ర రాశారు. దాని ఆధారంగా రాన్ హోవర్డ్ దర్శకత్వంలో రసెల్ క్రో కథానాయకుడిగా ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ చిత్రం 2001లో వచ్చింది. ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్ బహుమతులు పొందింది.

చిత్రంలో నాష్‌కు ఒక గది స్నేహితుడు, ఒక చిన్న పాప, ఒక ప్రభుత్వ గూఢచారి కనిపిస్తారు. సగం కథ గడిచాక ఆ ముగ్గురూ ఆయన మనసు సృష్టించినవారే అని తెలుస్తుంది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. నిజానికి నాష్‌కు మనుషులు కనిపించలేదు. ఆయనను బాధించినవి భ్రమలు, ఆ తర్వాత చెవిలో వినిపించే గొంతులు. మరి ఇది తప్పేనా? నా దృష్టిలో కాదు. రోగి తన భ్రమను భ్రమ అని గుర్తించలేడు, అది ఆయనకు మనలాగే, ఈ బల్లలాగే నిజం. ఈ విషయాన్ని పుస్తకం వాక్యాల్లో చెప్పగలదు. సినిమా కంటికి చూపించాలి. చెవికి వినిపించినదాన్ని కంటికి కనిపించేలా మార్చి, రోగి అనుభవం లోపలికి ప్రేక్షకుణ్ణి తీసుకువెళ్లారు. స్కిజోఫ్రీనియా అంటే లేని మనుషులు కనిపించడమే అనే అపోహ దీనివల్ల కొంత పెరిగిన మాట నిజమే. ఆ వ్యాధిలో ఎక్కువగా ఎదురయ్యేది గొంతులు వినిపించడం. ఈ సంగతి మీరు గుర్తుంచుకుంటే చాలు.

ప్రిన్స్‌టన్ ఆచార్యులందరూ వరుసగా వచ్చి నాష్ ముందు తమ కలాలు ఉంచి గౌరవించే దృశ్యం ఉంది. అటువంటి ఆచారం ఆ విశ్వవిద్యాలయంలో లేదు. ఉండి ఉంటే బాగుండేదనిపించే అందమైన కల్పన అది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. భార్య అలీసియా విషయం అంత తేలికగా వదిలేయలేం. చిత్రంలో ఆమె చివరిదాకా విడవని ఇల్లాలు. వాస్తవంలో 1963లో విడాకులు తీసుకున్నారు. 1970లో, ఎక్కడికీ పోలేని స్థితిలో ఉన్న ఆ మాజీ భర్తకు తన ఇంట్లో చోటు ఇచ్చారు. 2001లో ఇద్దరూ మళ్లీ వివాహం చేసుకున్నారు. 2015 మే నెలలో ఒకే కారు ప్రమాదంలో ఇద్దరూ మరణించారు. చెప్పండి, ఏ కథ గొప్పది? ఏ బంధమూ లేకపోయినా ఒక రోగిని ఇంట్లో పెట్టుకొని చూసుకున్న స్త్రీ కథను, మనకు అలవాటైన పతివ్రత కథగా మార్చేశారు. ఆమె చేసినది కర్తవ్యంగా కనిపిస్తుంది, నిర్ణయంగా కనిపించదు.

సమతాస్థితిని తలకిందులు చేసిన దృశ్యం

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వద్దాం. నాష్ కనుగొన్నది ఏమిటి? చిత్రంలో దీనిని వివరించే దృశ్యం ఒకటే ఉంది. నాష్, ఆయన మిత్రులు ఒక బారులో కూర్చుని ఉండగా అయిదుగురు యువతులు వస్తారు. వారిలో ఒకామె మీదే అందరి దృష్టి. అందరూ ఆమె వద్దకే వెళితే ఒకరికొకరు అడ్డమవుతారు. ఆమె కాదన్నాక మిగతావారి వద్దకు వెళితే వారు చిన్నబుచ్చుకుంటారు. కనుక ఆమె వద్దకు ఎవ్వరూ వెళ్లకుండా ఉంటే అందరికీ మేలు అంటారు నాష్. మెరుపులా ఆలోచన తట్టి, కాగితాలు పట్టుకొని పరుగెడతారు.

దృశ్యం బాగుంది. కాని నాష్ చెప్పింది అది కాదు! సరిగ్గా దానికి వ్యతిరేకం.

నాష్ సమతాస్థితి అంటే ఇది. ‘మిగిలినవారంతా ఇప్పుడు చేస్తున్నదే చేస్తూ ఉంటే, నేను ఒక్కణ్ణి నా పద్ధతి మార్చుకున్నందువల్ల నాకు లాభం లేదు’ అని ఆటలో ఉన్న ప్రతి ఒక్కరూ అనగలిగే స్థితి. ఒక ఉదాహరణ చూడండి. నలుగురు విద్యార్థులు ప్రాజెక్టు అంశాలు ఎంచుకోవాలి. ఒక ప్రత్యేక అంశానికి 10 మార్కులు, అయితే దానిని ఒక్కరే ఎంచుకోవాలి. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఎంచుకుంటే దానిని ఎంచుకున్నవారందరికీ సున్నా. సాధారణ అంశాలు ఎంచుకున్నవారికి తలా 6 మార్కులు. సినిమాలోని నాష్ సలహా ప్రకారం నలుగురూ ప్రత్యేక అంశాన్ని వదిలేస్తారు. అందరికీ 6 వస్తాయి. కాని వారిలో ఒక విద్యార్థి ఇలా ఆలోచిస్తాడు: ‘మిగిలిన ముగ్గురూ ఆ అంశం జోలికి పోవడం లేదు కదా, నేను తీసుకుంటే నాకు 10!’ ఆ క్షణంలోనే ఒప్పందం కూలిపోతుంది. కాబట్టి అది సమతాస్థితి కాదు. నలుగురూ ఆ అంశానికే ఎగబడటం కూడా కాదు, ఎందుకంటే ఎవరు పక్కకు తప్పుకున్నా సున్నా నుంచి 6కు చేరతారు. ఒకరు ప్రత్యేక అంశం, ముగ్గురు సాధారణ అంశాలు తీసుకున్నప్పుడు మాత్రం ఎవరికీ ఒంటరిగా మారాలని ఉండదు. ప్రత్యేక అంశం తీసుకున్నవాడు మారితే 10 నుంచి 6కు పడిపోతాడు. మిగతావారిలో ఎవరు మారినా 6 నుంచి సున్నాకు పడిపోతారు. అదీ సమతాస్థితి.

సమతాస్థితి అందరికీ మేలు చేస్తుందని నాష్ ఎక్కడా చెప్పలేదు. మన రైల్వే గేటు దగ్గరే దీనిని చూడవచ్చు. గేటు పడగానే ఎడమ పక్కన వరుసగా ఆగాలి. ఒకరు కుడి పక్క ఖాళీ చూసి ముందుకు పోతారు. వెనకాలే ఇంకొకరు. గేటుకు అవతలా ఇదే తంతు. గేటు ఎత్తగానే రెండు పక్కలా రోడ్డు నిండా వాహనాలు ఎదురెదురుగా! అందరికీ నష్టమే. అయినా ‘నేనొక్కణ్ణి బుద్ధిగా వెనక నిలబడితే జాం తీరదు, నేను వెనకబడటమే మిగులుతుంది’ అని ప్రతి ఒక్కరి లెక్క. ఎవరి లెక్కా తప్పు కాదు. అందరూ కలిసి మారితే తప్ప, ఒక్కరు మారి ప్రయోజనం లేని ఊబి అది. ఆయుధ పోటీలు, చేపల వేట, భూగర్భ జలాల తోడివేత వంటి సమస్యలను అర్థం చేసుకోవడానికి నాష్ భావన ఎందుకు ఉపయోగపడిందో దీనిని బట్టి ఊహించవచ్చు. చిత్రం మాత్రం ‘అందరూ కాస్త తగ్గితే అందరికీ మంచిది’ అనే హితబోధను నాష్ సిద్ధాంతంగా చూపింది.

తమాషా ఏమిటంటే, ఈ చిత్రానికి బార్నార్డ్ కళాశాల గణిత ఆచార్యుడు డేవ్ బేయర్ సలహాదారుగా పనిచేశారు. నల్లబల్లల మీద కనిపించే గణితం కోసం ఎంతో జాగ్రత్త తీసుకున్నారు. ఎవరూ చదవని సమీకరణాల విషయంలో అంత శ్రద్ధ పెట్టి, కోట్లమంది విని అర్థం చేసుకునే ఆ నాలుగు మాటల దగ్గర తప్పు చేశారు. నలుపు చొక్కాకు బదులు తెలుపు చొక్కా వేయించి ఉంటే ఎవరికీ పట్టింపు లేదు. ఒక మనిషిని ఏ ఆలోచన వల్ల ప్రపంచం గుర్తుపెట్టుకుందో ఆ ఆలోచననే మార్చితే, ఆయన జీవిత చిత్రంలో ఆయన ఎక్కడున్నట్లు?

ఒక వాక్యం, ఒక మందు

చిత్రం చివరిలో నోబెల్ సంఘం తరఫున వచ్చిన వ్యక్తితో నాష్ తాను కొత్త రకం మందులు వాడుతున్నానని చెబుతారు. ఇది నిజం కాదు. 1970 తర్వాత తాను మనోవ్యాధి మందులు వాడలేదని నాష్ స్వయంగా చెప్పారు. భ్రమలతో కూడిన ఆలోచనలను క్రమంగా బుద్ధితో తోసిపుచ్చడం మొదలుపెట్టానని నోబెల్ బహుమతి సందర్భంగా రాసిన ఆత్మకథనంలో వివరించారు. మరి ఆ వాక్యం ఎలా వచ్చింది? స్క్రీన్‌ప్లే రచయిత అకీవా గోల్డ్స్‌మన్ తల్లి మనస్తత్వ నిపుణురాలు. చిత్రం చూసి రోగులు మందులు మానేస్తారేమో అనే భయంతో ఆ వాక్యం చేర్చారని నాష్ తర్వాత చెప్పారు.

ఈ భయాన్ని తేలికగా కొట్టివేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం సుమారు 2.4 కోట్లమంది స్కిజోఫ్రీనియాతో జీవిస్తున్నారు. అంటే దాదాపు 300 మందిలో ఒకరు. కొంచెం నెమ్మదించగానే మందులు ఆపేయడం, వ్యాధి తిరగబెట్టడం మనదేశంలో ఎన్నో కుటుంబాలు అనుభవించిన విషయమే. వైద్యుని సలహా లేకుండా ఈ మందులు ఆపడం ప్రమాదకరం. ఒక ప్రఖ్యాత నటుడు తెర మీద ‘మందులు మానేశాను, నోబెల్ వచ్చింది’ అన్నట్లు కనిపిస్తే ఏ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు?

అయినా ఆ వాక్యాన్ని నేను సమర్థించలేను. ఒక వ్యాధి ఎలా నెమ్మదించిందనేది ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబుగా జరగనిదాన్ని చెప్పారు. నాష్ కోలుకోవడంలో వయసు పాత్ర ఎంత, అలీసియా ఇచ్చిన నీడ పాత్ర ఎంత, బల్లల మీద అర్థం కాని రాతలు రాస్తూ తిరిగినా ఆయనను తరిమివేయని ప్రిన్స్‌టన్ పాత్ర ఎంత అనేది ఎవరూ తూచి చెప్పలేరు. ఆయనకు జరిగినట్లు అందరికీ జరగదు. ఒక్క మనిషి అనుభవం నియమం కాదని మనం ప్రయోగశాలలో మొదటి రోజే నేర్చుకుంటాం. ఈ సంగతే తెర మీద ఒక ముగింపు ప్రకటనగా వేయవచ్చు. అదీ కాదనుకుంటే మందుల ప్రస్తావనే లేకుండా వదిలేయవచ్చు. మౌనం వేరు, అబద్ధపు సాక్ష్యం వేరు. పైగా ఆ సమయంలో నాష్ జీవించే ఉన్నారు. తన నోట తాను అనని మాట విని, దాని గురించి వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

చనిపోయినవారి తరఫున ఎవరు మాట్లాడతారు?

నాష్‌కు ఆ అవకాశమైనా ఉంది. అలన్ ట్యూరింగ్‌కు లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ వారి ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో కీలక పాత్ర పోషించిన ఈ బ్రిటిష్ గణితవేత్త 1954లో మరణించారు. ఆయనపై ‘ది ఇమిటేషన్ గేమ్’ చిత్రం 2014లో వచ్చింది. అందులో ట్యూరింగ్ ఒంటరిగా, అందరినీ ఎదిరించి యంత్రం తయారుచేస్తారు. నిజానికి పోలండ్ గణితవేత్తలు మరియన్ రెయెవ్‌స్కీ బృందం 1932 చివరిలోనే ఎనిగ్మాను ఛేదించి, 1939 జూలైలో తమ రహస్యాలన్నీ బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు అందించారు. ట్యూరింగ్ రూపొందించిన బాంబ్ యంత్రాన్ని గోర్డన్ వెల్చ్‌మన్ ఎంతో మెరుగుపరిచారు. బ్లెచ్‌లీ పార్కులో వేలమంది పనిచేశారు. వారిలో అధికశాతం మహిళలు. చిత్రాలు ఎప్పుడూ ఒంటరి మేధావినే కోరుకుంటాయి. విజ్ఞానం చాలావరకు అలా పుట్టదు.

దీనికంటే బాధాకరమైనది మరొకటి ఉంది. చిత్రంలో సోవియట్ గూఢచారి జాన్ కెయిర్న్‌క్రాస్ ట్యూరింగ్ బృందంలోనే ఉంటాడు. ట్యూరింగ్ స్వలింగ ప్రియుడనే రహస్యం బయటపెడతానని బెదిరిస్తాడు. ట్యూరింగ్ భయపడి అతని గుట్టు దాస్తారు. కెయిర్న్‌క్రాస్ నిజంగానే గూఢచారి, బ్లెచ్‌లీలో పనిచేసిన మాటా నిజమే. కాని వేరే విభాగంలో. ట్యూరింగ్‌తో అతనికి పరిచయం ఉన్నట్లు ఆధారం లేదు. స్వలింగ ప్రియులను బెదిరించి దేశద్రోహం చేయించవచ్చు అనే అనుమానమే ఆ రోజుల్లో వారిని వెలివేయడానికి చెప్పిన సాకు. 1952లో ట్యూరింగ్‌కు శిక్ష పడిన తర్వాత ఆయనను ప్రభుత్వ రహస్య పనుల నుంచి తప్పించారు. ఆయనకు జరిగిన అన్యాయాన్ని చూపించడానికి తీసిన చిత్రమే, ఆ అన్యాయానికి ఆధారమైన అనుమానాన్ని నిజం చేసి చూపింది! బ్రిటిష్ చట్టం ప్రకారం చనిపోయినవారికి పరువునష్టం దావా ఉండదు. మన చట్టంలో మాత్రం, కుటుంబీకుల మనసు నొప్పించే ఉద్దేశంతో మరణించినవారిపై చేసిన నిందను కూడా పరువునష్టంగా పరిగణించవచ్చు.

ఈ చిత్రం వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు. ట్యూరింగ్ పేరు వినని లక్షలమందికి ఆయన తెలిశారు. అదే చట్టం కింద శిక్షపడిన మిగతావారికీ క్షమాపణ ఇవ్వాలని 2015లో వచ్చిన బహిరంగ విజ్ఞప్తిపై కథానాయకుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ సంతకం చేశారు. 2017లో ఆ మేరకు చట్టం వచ్చింది. కాని ఈ మేలుకు గూఢచారి కథ అవసరమైందా? ఆ దృశ్యాలు తీసేసి చూడండి, చిత్రం బలం ఏమాత్రం తగ్గదు.

శ్రీనివాస రామానుజన్‌పై 2015లో వచ్చిన ‘ది మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ’ దీనికి భిన్నం. అందులోనూ సవరణ ఉంది. 1909లో వివాహమయ్యేనాటికి జానకి అమ్మాళ్ వయసు పదేళ్లు. చిత్రంలో మాత్రం ఆమె నిండు యువతి. నాటి సమాజాన్ని ఇంత మృదువుగా చూపడం నాకు నచ్చలేదు. కాని గణితం జోలికి వచ్చేసరికి నిజాయితీగా ఉన్నారు. ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా కూడికలుగా విడదీయవచ్చు అనే విభజనల సమస్యనే తీసుకున్నారు. 4ను అయిదు విధాలుగా విడదీయవచ్చు: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. 200ను విడదీసే విధాలు 3,97,299 కోట్ల 90 లక్షల 29 వేల 388! ఈ సంఖ్యను మేజర్ మెక్‌మహన్ చేత్తో లెక్కకట్టారు. రామానుజన్, హార్డీ సూత్రం దానితో సరిపోయింది. అంతఃస్ఫూర్తితో తట్టినది చాలదు, నిరూపణ కావాలి అనే హార్డీ పట్టుదల, దానికి రామానుజన్ విసుగు – వారి మధ్య నడిచిన అసలు సంఘర్షణే ఆ చిత్రానికి కథ అయింది. ఇందుకోసం బారు దృశ్యమేదీ కల్పించనవసరం లేకపోయింది.

నాష్ చిత్రం గురించి ఒక సంగతి మిగిలి ఉంది. అందులో ఆయన ప్రభుత్వం కోసం రహస్య సంకేతాలు ఛేదిస్తున్నానని నమ్మడం ఆయన భ్రమల్లో భాగం. చిత్రం వచ్చిన పదకొండేళ్లకు, 2012లో, అమెరికా జాతీయ భద్రతా సంస్థ కొన్ని పాత ఉత్తరాలను బయటపెట్టింది. నాష్ తన చేతిరాతతో 1955లో, అంటే వ్యాధి సోకడానికి నాలుగేళ్ల ముందు, ఆ సంస్థకు రాసినవి. తాను రూపొందించిన ఒక సంకేత యంత్రాన్ని ఆయన వాటిలో ప్రతిపాదించారు. తాళంచెవి పొడవు పెరిగేకొద్దీ దానిని ఛేదించే శ్రమ ఘాతాంక రీతిలో పెరగాలని వివరించారు. నేటి సంకేత శాస్త్రానికి పునాది ఈ ఆలోచనే. ఆ సంస్థ ఆయన యంత్రాన్ని స్వీకరించలేదు, మర్యాదగా జవాబు రాసి ఉత్తరాలను దాచిపెట్టింది.